మూడో కిడ్నీ

నా రక్తాన్ని మొదట అనుమానించింది నేనే. కడపలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా టెక్నీషియనుగా పనిచేశాను. ఎవరెవరి రక్తమో రోజూ నా చేతుల మీదుగా పోయేది. సీసాల మీద పేర్లు ఉండేవి గాని నేను నంబర్లే చూసేదాన్ని. ఆ ఎండాకాలం నడుము నొప్పి పట్టుకుంది. వంగి కూర్చుని చేసే పని, వయసు యాభైకి దగ్గర పడుతోంది, నడుము నొప్పి రాక ఏమొస్తుందిలే అనుకున్నాను. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆ తర్వాత పొద్దున్నే మూత్రంలో నురగ. ఎన్ని చెంబుల నీళ్లు పోసినా ఆ నురగ పోయేది కాదు.

ఒక మధ్యాహ్నం నాతో పనిచేసే అమ్మాయి అన్నానికి పోయినప్పుడు, నా రక్తం నేనే తీసుకుని ఈఎస్సార్ గొట్టంలో పెట్టాను. నిటారుగా నిలబెట్టిన సన్నటి గాజు గొట్టంలో ఎర్ర కణాలు గంటసేపట్లో ఎంత కిందికి దిగుతాయో చూసే పరీక్ష అది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కొద్దిగా దిగి ఆగుతాయి. నేను టీ తాగి వచ్చేసరికి నా గొట్టం సగానికి పైగా పసుపుపచ్చటి నీరు. గొట్టం ఒరిగిందేమోనని కడిగి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

అప్పుడు ఒక బొట్టు గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్ర కణాలు విడివిడిగా ఉండాలి. నావి ఒకదాని మీద ఒకటి అతుక్కుని, గాజుల అంగట్లో కర్రకు తొడిగిన గాజుల్లా వరసలు కట్టి ఉన్నాయి. పలక ఎటు జరిపినా అవే వరసలు. అట్లాంటి రక్తం అంతకు ముందు మూడు నాలుగు సార్లు చూశాను. ఆ మనుషుల్లో ఎవరూ రెండోసారి మా ల్యాబుకు రాలేదు. పెద్దాసుపత్రులకు పోయి ఉంటారని అనుకునేదాన్ని. ఆ రోజు అట్లా అనుకోలేకపోయాను.

అన్నం తిని వచ్చిన అమ్మాయి నా భుజం మీదుగా వంగి చూసింది.

“ఎవరిదక్కా ఇది? శానా చెడ్డగా ఉండాదే.”

“ఎవరిదో. పేరు రాయలేదు” అన్నాను.

అది మల్టిపుల్ మైలోమా అని తేలడానికి మూడు వారాలు పట్టింది. ఎముకల లోపలి మూలుగులో ఉండే ఒక రకం కణాలు అదుపు తప్పి పెరిగి, పనికిరాని మాంసకృత్తులను రక్తంలోకి వదులుతాయి. ఆ చెత్త కిడ్నీల్లోని సన్నటి నాళాల్లో పేరుకుని వాటిని మూసేస్తుంది. నాకు సంగతి తెలిసేసరికే నా రెండు కిడ్నీలూ మూసుకుపోయాయి. క్యాన్సరు మందులు పడితే మళ్లీ తెరుచుకోవచ్చన్నారు. ఆరు నెలలు ఎదురుచూశాం. తెరుచుకోలేదు.

మా ఆయన బస్సు డ్రైవరు. కడప నుంచి మైదుకూరు మీదుగా కర్నూలుకు పోయే దారి ఆయనది. వారానికి మూడు రోజులు ఆయన డ్యూటీకి పోతూ నన్ను డయాలసిస్ కేంద్రం దగ్గర దింపేవాడు. పదకొండు మంచాల హాలు అది. నాది కిటికీ పక్క మంచం. నా రక్తం ఒక గొట్టంలో బయటికి పోయి, యంత్రంలో తిరిగి, ఇంకో గొట్టంలో లోపలికి రావడం నాలుగు గంటల సేపు కళ్లతో చూస్తూ పడుకోవాలి. ఇన్నేళ్లు రక్తంతో పనిచేసినదాన్ని, నా రక్తం బయట తిరుగుతుంటే చూడలేక కిటికీ వైపు తిరిగేదాన్ని.

సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. అప్పటి నుంచి ఆ చేతిలో ఎడతెగని రొద. వేలు పెడితే జుమ్మని తగిలేది. చెవి ఆనిస్తే దూరంగా ఎవరి చేనిలోనో బోరు మోటారు ఆడుతున్నట్టు వినిపించేది. ఆ చేయి తల కింద పెట్టుకుని పడుకోలేకపోయేదాన్ని. మూత్రం పూర్తిగా ఆగిపోయింది. రోజుకు అరలీటరు నీళ్లే తాగాలి. కడప ఎండల్లో అరలీటరు. నోట్లో మంచుముక్క పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా కూర్చునేదాన్ని.

నా ఎదురు మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. బండల పాలిషింగ్‌లో పనిచేసి మానుకున్నవాడు. చక్కెర జబ్బుతో కిడ్నీలు పోయాయి. ఆయన్ని అందరం చాచా అనేవాళ్లం. మొదటి వారమే నాకు అక్కడి పద్ధతి చెప్పాడు.

“ఈడ ఎవరన్నా రాకుంటే ఎందుకు రాలేదని అడగొద్దు బేటీ. ఒకసారి రాకుంటే జ్వరం అనుకో. రెండుసార్లు రాకుంటే ఊరికి పోయినారనుకో. రెండు వారాలు రాకుంటే ఇంకేమీ అనుకోవద్దు. దువా చేసుకో.”

నేను నవ్వాను. కానీ నెల తిరక్కముందే మూలమంచం ఆయన రాలేదు. రెండో వారం ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది, కొత్త మనిషి కూర్చుని చెప్పులు విడుస్తున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. రెండేళ్లలో అట్లా దుప్పటి మారడం చాలాసార్లు చూశాను.

కిడ్నీ మార్పిడి గురించి అడిగితే మొదటి డాక్టరు తలడ్డంగా ఊపాడు. మైలోమా ఉన్నవాళ్లకు కొత్త కిడ్నీ పెట్టినా, మూలుగులోంచి మళ్లీ అదే చెత్త వచ్చి దాన్నీ మూసేస్తుందని చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అయితే ఇప్పుడు మందులు మారాయనీ, జబ్బు బాగా అణిగిన కొందరికి చేస్తున్నారనీ హైదరాబాదులో మూలుగు వైద్యం చేసే డాక్టరమ్మ చెప్పింది. ముందు నా మూల కణాలనే తీసి దాచిపెట్టి, గట్టి మందుతో మూలుగును తుడిచేసి, ఆ కణాలను తిరిగి ఎక్కించారు. మూడు వారాలు గాజు తలుపుల గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. జుట్టంతా రాలిపోయింది. కణాలను దాచిన మందు వాసన నా ఊపిరిలోంచి, చెమటలోంచి వచ్చేది. ఉడికించిన మొక్కజొన్న కంకుల వాసన. మాస్కు కట్టుకుని గుమ్మంలో నిలబడిన మా ఆయన, “ఎవరో కంకులు ఉడకబెడ్తాండారు ఈడ” అన్నాడు. ఆ వాసన నాదేనని చెప్పలేదు.

మూడు నెలల తర్వాత పరీక్షలు చూసి డాక్టరమ్మ, “జబ్బు కనిపించడం లేదు” అంది.

“పోయిందా మేడం?”

“కనిపించడం లేదు అంటున్నాను. పోయిందని నేననను.”

ఆ మాటతోనే అప్పటి నుంచి బతుకుతున్నాను. ఇంట్లో ఎవరో దాక్కున్నారని తెలుసు, ఏ గదిలోనో తెలియదు, వెతికితే దొరకరు. అట్లా ఉంటుంది. కర్నూలులో కిడ్నీ మార్పిడి చేసే డాక్టరు కాగితాలన్నీ చదివి, “ఇట్లానే ఏడాది పాటు కనపడకుండా ఉంటే అప్పుడు రాండి. ఇచ్చే మనిషిని కూడా పిల్చుకోని రాండి” అన్నాడు.

మా ఆయనకు చక్కెర జబ్బు. ఆయన పనికి రాడన్నారు. మిగిలింది మా అక్క. మైదుకూరు దగ్గర పల్లెలో పసుపు పండిస్తుంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. నా చిన్నతనంలోనే మా అమ్మ పోతే నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. తక్కువ మాట్లాడుతుంది. నేను అడగలేదు. ఒకరోజు తనే బస్సు దిగి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, “నా రగతం కూడా తీసి చూడు. సరిపోతాదో లేదో” అంది. తీసి, సీసా మీద అక్క పేరు రాశాను. 

సరిపోయింది. ఆపరేషనుకు ముందు అనుమతి ఇచ్చే కమిటీ వాళ్లు అక్కను కూర్చోబెట్టి, వీడియో తీస్తూ ప్రశ్నలు అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

“మీ చెల్లెలికి ఉండే జబ్బు మళ్లీ రావచ్చు. వస్తే మీరిచ్చే కిడ్నీ చెడిపోవచ్చు. తెలుసామ్మా?”

“చెప్పినారు సార్.”

“అయినా ఇస్తారా?”

అక్క కాసేపు ఆ వీడియో తీసేవాడి వైపు చూసింది. “మేము పసుపు కొమ్ములు నాటేటప్పుడు వాన పడ్తాదని ఎవరూ రాసియ్యరు సార్. అట్లని నాటకుండా ఉంటామా?”

ఆపరేషను రోజు పొద్దున అక్కను ముందు తీసుకుపోయారు. గంట తర్వాత నన్ను తీసుకుపోయారు. మెలకువ వచ్చాక నాకు మొదట వినిపించింది చుక్కల చప్పుడు. మంచం పక్కన వేలాడే సంచిలోకి మూత్రం పడుతోంది. నర్సు సంచి ఎత్తి నాకు చూపించింది. ఎండాకాలం మధ్యలో ఎవరో కొళాయి విప్పి మరిచిపోయినట్టు ఆ చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. నేను ఏడ్చాను. అది సంతోషమే గాని, అందులో భయం కూడా ఉంది. ఆ పని చేస్తున్నది నేను కాదు. నా లోపల ఇంకెవరో మేలుకుని పనిచేస్తున్నారు.

కొత్త కిడ్నీని వెనక పెట్టరని, పాతవాటిని తీసెయ్యరని చాలామందికి తెలియదు. నా పాత కిడ్నీలు రెండూ నడుము దగ్గర అట్లానే ఉన్నాయి, ఎండి చిన్నవై. మూడోది కడుపులో కుడివైపు కింద పెట్టారు. చర్మం కిందే ఉంటుంది. అరచేయి పెడితే గుండ్రంగా తెలుస్తుంది. అంటే నా లోపల పోయినవాళ్లు ఇద్దరు, బతికున్నవాళ్లు ఒకరు. కర్నూలులో అద్దె గదిలో మూడు నెలలు ఉన్నప్పుడు పగలంతా ఒక్కదాన్నే పడుకుని దాన్ని తడుముకునేదాన్ని. అక్క ఊళ్లో పసుపు తవ్విస్తూ ఉండేది, నా చేతి కింద కూడా ఉండేది.

ఆపరేషను కోత మానాక అక్క చూడడానికి వచ్చింది. కొంచెం సన్నబడింది. అంతే. నా పక్కన కూర్చుని చాలాసేపు పొలం మాటలు చెప్పింది. లేచేముందు, “రోంత చెయ్యి పెట్టి చూడనా మే?” అంది. చీర కొంగు పక్కకు జరిపాను. అరచేయి పెట్టింది.  అక్క ముఖంలో నేనెప్పుడూ చూడని ఒక చూపు. తన ఇంట్లోకి ఎవరో కాపురం వచ్చాక ఆ ఇంటి ముందు నుంచి నడిచిపోయే మనిషి చూపు. చటుక్కున చేయి తీసేసుకుంది.

“వెచ్చగా ఉండాది” అంది. “ఇంక నేను ముట్టుకోను. అది నన్ను గుర్తుపట్టి వచ్చేస్తే కష్టం.” నవ్వుతూనే అంది. మళ్లీ ఎప్పుడూ ముట్టుకోలేదు.

కొత్త కిడ్నీ పెట్టిన పన్నెండో నెలలో క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే అంకె అది. పెరిగితే చెడు. బయాప్సీ చేసి ముక్క పంపారు. ఫలితం కోసం ఐదు రోజులు. దాక్కున్నది బయటికి వచ్చిందేమో, అక్క ఇచ్చినదాన్ని మూసేస్తోందేమో అని అన్నం సహించలేదు. అక్కకు చెప్పొద్దన్నాను. డాక్టరు పిలిచి, మైలోమా కాదని చెప్పాడు. నా ఒంట్లోని రక్షక కణాలే కొత్త కిడ్నీని పరాయిదని కనిపెట్టి పోట్లాటకు దిగాయట. మైలోమాను అణిచి ఉంచడానికి వాడుతున్న మందు ఒక్కోసారి ఆ కణాలను రెచ్చగొడుతుంది. అది ఆపితే మైలోమా లేవవచ్చు, ఆపకపోతే కిడ్నీ పోవచ్చు. ఇద్దరు డాక్టర్లూ ఫోనులో మాట్లాడుకుని ఆ మందు మార్చారు. మూడు రోజులు స్టెరాయిడ్ సూదులు ఇచ్చారు. అంకె దిగింది, మునుపటంత కిందికి మాత్రం రాలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే ఇల్లంతా ఏదో నిశ్శబ్దంగా తోచింది. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఆటోలు పోతున్నాయి. అయినా ఏదో లేదు. చాలాసేపటికి ఎడమ చేయి చెవికి ఆనించి చూశాను. రొద ఆగిపోయింది. లోపల రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోయింది. ఇప్పుడు దానితో పని లేదు కాబట్టి వదిలేయమన్నాడు డాక్టరు. కానీ నాకు చాలా రోజులు చలి పుట్టినట్టు ఉండింది. కిడ్నీ ఆగితే వెనక్కి పోవడానికి ఉన్న దారి అదే.

నాకు డయాలసిస్ కేంద్రం గుర్తుకొచ్చింది అప్పుడే. ఏడాది దాటింది నేను పోయి. కర్నూలుకు పోతున్నానని అక్కడి పెద్ద టెక్నీషియనుకు ఒక్కడికే చెప్పాను. అతను తర్వాత వేరే ఊరికి మారిపోయాడట. జనంలోకి పోవద్దని డాక్టర్లు అన్నారు. నిజం చెప్పాలంటే, పోవడానికి భయం కూడా. బయటపడ్డ బావిలోకి మళ్లీ తొంగి చూడాలనిపించలేదు. చివరికి ఒక గురువారం పొద్దున మాస్కు కట్టుకుని వెళ్లాను.

గుమ్మం దగ్గర అక్కడ పనిచేసే ఆయమ్మ నేల తుడుస్తోంది. తలెత్తి నన్ను చూసింది. వెంటనే ఆమె చూపు నా ముఖం మీంచి కిందికి, నా పాదాల మీదికి దిగింది. పాదాలు ముందుకే ఉన్నాయా, వెనక్కి తిరిగి ఉన్నాయా అని చూస్తోందని నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

“నువ్వు పోతివి కదమ్మా” అంది, చాలా మెల్లగా.

“యాడికి పోయినా?” అన్నాను. 

హాలులో అందరూ తలలు తిప్పారు. చాచా అదే మంచం మీద ఉన్నాడు, ఇంకా చిక్కిపోయి. సూదులు లేని చేయి చాపాడు. దగ్గరికి పోతే నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాడి చూస్తున్నాడు.

“దర్గాలో నీకోసం పూలు పెట్టినా బేటీ. ఫాతిహా చదివించినా” అన్నాడు. “రెండు వారాలు కాదు, రెండు నెలలు చూసినాను. ఒక మాట చెప్పి పంపకూడదా?”

 అంత మంది మనసుల్లో ఏడాదిగా చనిపోయి ఉన్నానని అప్పుడే తెలిసింది.

కిటికీ పక్క మంచం మీద ఒక ఆడమనిషి ఉంది. నలభై దాటి ఉంటాయి. మగ్గం నేసే కుటుంబమని తర్వాత చెప్పింది. మందులకు రాలిపోయిన జుట్టు అప్పుడే వేలి మందాన మొలుస్తోంది. నేను అక్కడ పడుకున్నప్పుడు పెట్టినట్టే ముఖం కిటికీ వైపు పెట్టుకుని ఉంది. చాచా ఆమెతో, “చూడమ్మా, నీకు చెప్తాంటి కదా, నీ మంచం మీద ఉండిన మనిషి. ఈమెనే” అన్నాడు.

ఆమె తిరిగి నన్ను చూసింది. ఆయమ్మ కంటే ఎక్కువ భయపడింది ఆమే. ఆమెదీ మైలోమానే. ఐదు నెలలుగా ఆ మంచం మీదే ఉంది. మొదటి రోజే ఎవరో చెప్పారట, నీకు ముందు ఈ మంచం మీద ఉన్నామెకూ ఇదే జబ్బు, హైదరాబాదు పోయి మూలుగు వైద్యం కూడా చేయించుకుంది, అయినా పోయింది అని. డాక్టర్లు ఆ వైద్యం చేయించుకోమని రెండుసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు.

“చేపిచ్చుకున్న యమ్మే పోయిందంటే నేను ఎందుకు పోవల్ల అనుకున్నా” అంది.

 ఆమె మంచం అంచున కూర్చున్నాను. నేను చెప్పని ఒక్క మాట ఆమెకు ఐదు నెలలు ఆ వైద్యం లేకుండా చేసింది. తెర లాగమని ఆయమ్మకు చెప్పి, కొంగు జరిపి కోత చూపించాను. ఆమె చూపుడు వేలితో ముట్టుకుంది.

“లోపల కొట్టుకుంటాందా?”

“కొట్టుకోదు. ఊరికే పనిచేస్తాది.”

“ఇది ఎవరిది?”

“మా అక్కది.”

ఆమె చాలాసేపు వేలు తీయలేదు. నేను మంచివన్నీ చెప్పాను, చెడ్డవీ చెప్పాను. బయాప్సీ సంగతి, మందుల సంగతి, కనిపించడం లేదు అన్న మాట. అందరికీ కుదరదని, ముందు జబ్బు అణగాలని, అణిగినా ఏడాది కాచుకోవాలని చెప్పాను. మర్నాడే ఆమె భర్తతో మాట్లాడాను. హైదరాబాదుకు ఆమెతో కలిసి నేనూ పోయాను. గాజు తలుపు బయట ఈసారి నేను నిలబడ్డాను.

ఆమెకు నాకు పట్టినంత బాగా మందు పట్టలేదు. జబ్బు తగ్గింది గాని ఇంకా కనిపిస్తూనే ఉంది. మందులు మార్చి చూస్తున్నారు. ఆ ఐదు నెలలు పోకపోయి ఉంటే ఏమయ్యేదని డాక్టరమ్మను అడిగాను. చెప్పలేమంది. కిడ్నీ మాట ఇప్పుడే ఎత్తవద్దన్నారు. వారానికి మూడు రోజులు ఆమె ఆ కిటికీ పక్కే పడుకుంటుంది. నేను గురువారాలు పోతాను. చాచాకు ఒక పలకరింపు, ఆమె పక్కన ఒక గంట. ఒంట్లో బాగాలేని గురువారం పొద్దున్నే ఫోను చేస్తాను. మొన్న జలుబు చేసి పోలేకపోయాను. ఆయమ్మ ఎత్తింది.

“ఈ వారం రాను. జలుబు. ఉండాను అని అందరికీ చెప్పు” అన్నాను.

ఫోను పక్కన పెట్టి ఆమె హాలులోకి కేకేయడం వినిపించింది. ఎవరో ఏదో అన్నారు. ఆయమ్మ మళ్లీ ఫోను తీసుకుని, “కిటికీకాడి యమ్మ నీ గొంతు ఒకసారి వినల్లంట. ఇస్తాండా, మాట్లాడు” అంది.